జార్జ్ స్టీఫెన్సన్: ఇంజిన్ 1814లోనే కదిలింది, మరి ప్రయాణికుల రైలు కోసం 1830 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

కొత్త రైల్వే లైనో, మెట్రో మార్గమో పూర్తయిందని వార్త వస్తుంది. ట్రయల్ రన్ మొదలవుతుంది. ఖాళీ రైళ్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి కానీ ప్రయాణికులను మాత్రం ఎక్కించుకోరు. వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. రైలుంది, పట్టాలున్నాయి, కరెంటుంది, ఇంకా దేనికి ఆగుతున్నారని జనం విసుక్కుంటారు.

దీనికి జవాబు రెండు వందల ఏళ్ల నాటి ఒక మనిషి జీవితంలో దొరుకుతుంది. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక బొగ్గు గనిలో పనిచేసే జార్జ్ స్టీఫెన్సన్ 1814లో ఆవిరి ఇంజిన్‌ను పట్టాలపై నడిపించారు. రెండు పెద్ద నగరాల మధ్య జనం టికెట్ కొనుక్కుని ఆవిరి రైలులో తిరగడం మొదలైంది మాత్రం 1830లో. మధ్యలో ఉన్న 16 ఏళ్లలో ఇంజిన్‌ను బాగు చేయడానికి పట్టిన సమయం కొంతే. పట్టాలు, భూమి, పార్లమెంటు, బురద నేల, డబ్బు, మనుషుల అలవాట్లు, వీటితోనే ఆయనకు ఎక్కువ కాలం గడిచిపోయింది.

రైలింజన్‌ను కనిపెట్టింది ఆయనేనా?

కాదు. బడిలో చాలామందికి అలాగే చెప్పి ఉంటారు కానీ అది సరైంది కాదు.

1804 ఫిబ్రవరిలో వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం దగ్గర రిచర్డ్ ట్రెవితిక్ తయారు చేసిన ఇంజిన్ 10 టన్నుల ఇనుమును, దాంతో పాటు 70 మంది మనుషులను లాగింది. ఇంజిన్ బాగానే పనిచేసింది. దాని బరువుకు కింద ఉన్న పోత ఇనుము పట్టాలే పదే పదే విరిగాయి. ఆ ప్రయోగం అక్కడితో ఆగిపోయింది. 1812లో లీడ్స్ దగ్గర జాన్ బ్లెంకిన్‌సాప్, మాథ్యూ ముర్రే పళ్ల చక్రంతో నడిచే ఇంజిన్లను బొగ్గు రవాణాకు వాడారు. ఆ తర్వాత వైలమ్ గనిలో విలియం హెడ్లీ నునుపు చక్రాల ఇంజిన్‌ను నడిపారు.

స్టీఫెన్సన్ వీటిని చూసి నేర్చుకున్నవారే. అయితే మిగతావారు ఇంజిన్ దగ్గర ఆగిపోయారు. పట్టాల నుంచి వంతెనల దాకా, చట్టం నుంచి చక్రం దాకా అన్నీ కలిస్తేనే రైలు అవుతుందని పట్టుకున్నది మాత్రం ఈయన. ఆయన గొప్పతనం అందులోనే ఉంది.

చదువు రాని కుర్రాడు ఇంజినీర్ ఎలా అయ్యారు?

1781 జూన్ 9న న్యూకాసిల్‌కు పడమరగా ఉన్న వైలమ్ గ్రామంలో స్టీఫెన్సన్ పుట్టారు. తండ్రి గనిలో నీళ్లు తోడే ఇంజిన్‌కు బొగ్గు వేసే పనివాడు. తల్లిదండ్రులిద్దరికీ చదవడం, రాయడం రాదు. కుటుంబమంతా ఒకే గదిలో ఉండేది. ఇంటి ముందే చెక్క పట్టాల మీద గుర్రాలు బొగ్గు బండ్లను లాక్కుంటూ వెళ్లేవి. చిన్నప్పుడు పశువులు కాసి రోజుకు రెండు పెన్నీలు తెచ్చిన జార్జ్, 17 ఏళ్లకు గనిలో పంపు ఇంజిన్ చూసుకునే పనిలో చేరారు.

తన పేరు తాను రాయడం 18 ఏళ్లు దాటాక, రాత్రి బడిలో నేర్చుకున్నారు. ఖాళీ దొరికితే ఇంజిన్‌ను ముక్కలు ముక్కలుగా విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించేవారు. అదనపు సంపాదన కోసం చెప్పులు కుట్టారు, గడియారాలు బాగు చేశారు.

1802లో ఫానీ హెండర్సన్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది కొడుకు రాబర్ట్ పుట్టాడు. తర్వాత పుట్టిన కూతురు మూడు వారాలకే చనిపోయింది. 1806లో భార్య క్షయతో మరణించారు. ఆ దుఃఖంలోనే పని కోసం స్కాట్లండ్ వెళ్లారు. గనిలో జరిగిన ప్రమాదంలో తండ్రికి చూపు పోయిందని తెలిసి తిరిగొచ్చారు. అప్పుడు ఆయన వయసు పాతికేళ్లు దాటిందంతే.

1811లో కిల్లింగ్‌వర్త్‌లోని ఒక గనిలో పంపు ఇంజిన్ నీళ్లు తోడలేక మొరాయించింది. పెద్ద పెద్ద మెకానిక్‌లు చూసి చేతులెత్తేశారు. స్టీఫెన్సన్ దాన్ని విప్పి మార్పులు చేసి బాగు చేశారు. ఆ ఒక్క పనితో మరుసటి ఏడాది ఆ గనుల ఇంజిన్లన్నిటికీ బాధ్యుడయ్యారు. జీతం ఏడాదికి 100 పౌండ్లు. ఆ డబ్బుతో కొడుకును న్యూకాసిల్‌లో మంచి బడికి పంపారు. కొడుకు అక్కడి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలను రాత్రిపూట తండ్రీకొడుకులిద్దరూ కలిసి చదివేవారు. ఈ జంట గురించి మళ్లీ చెప్పుకోవాలి, ఎందుకంటే తండ్రికి ఎక్కడ తడబాటు వచ్చిందో చూస్తే తరచూ అక్కడ కొడుకు లేడు.

గని దీపానికీ రైలుకూ సంబంధం ఏమిటి?

సూటిగా లేదు. కానీ ఆయన స్వభావం అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

1812లో ఫెల్లింగ్ గనిలో గ్యాస్ పేలి 92 మంది చనిపోయారు. గనిలో వెలుతురు కోసం పెట్టుకునే దీపమే గ్యాస్‌ను అంటించేది. మంట ఉన్నా గ్యాస్ అంటుకోని దీపం కోసం స్టీఫెన్సన్ సొంతంగా ప్రయోగాలు చేశారు. 1815లో తన దీపాన్ని గనిలో గ్యాస్ బయటికి వస్తున్న చోటుకే స్వయంగా పట్టుకుని వెళ్లారు. లెక్క తప్పితే ఆయన బతికి బయటపడేవారు కాదు.

అదే సమయంలో లండన్‌లో ప్రసిద్ధ శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ కూడా అలాంటి దీపాన్నే తయారు చేశారు. బహుమతిగా 2 వేల పౌండ్లు డేవీకి వచ్చాయి. చదువులేని గని మెకానిక్‌కు ఇది సొంతంగా తట్టిందంటే లండన్ పెద్దలు నమ్మలేదు, ఆలోచన దొంగిలించారన్నారు. న్యూకాసిల్ వాళ్లు మాత్రం విచారణ జరిపి, తమ మనిషి తప్పు చేయలేదని తేల్చి, 1,000 పౌండ్లు ఇచ్చారు. పార్లమెంటు కమిటీ ఇద్దరికీ సమాన హక్కు ఉందని చెప్పింది 1833లో. అంటే 18 ఏళ్ల తర్వాత!

ఈ గాయం ఆయనను జీవితాంతం వదల్లేదు. లండన్ నిపుణులంటే అనుమానం, తన మాట మీద మొండి నమ్మకం, రెండూ అక్కడే బలపడ్డాయి.

ఇంజిన్ కంటే పట్టాలే పెద్ద సమస్య ఎందుకయ్యాయి?

1814 జులైలో స్టీఫెన్సన్ తొలి ఇంజిన్ బ్లూషర్ కిల్లింగ్‌వర్త్‌లో 30 టన్నుల బొగ్గును ఎత్తు మీదికి గంటకు 4 మైళ్ల వేగంతో లాగింది. మనిషి నడక వేగం అన్నమాట. గుర్రంతో పోలిస్తే ఖర్చులో పెద్ద తేడా ఏమీ రాలేదు. కానీ ఆయన ఆపలేదు. తర్వాతి పదేళ్లలో గనుల కోసం ఇంజిన్లు కడుతూనే ఉన్నారు. 1822లో మొదలైన హెట్టన్ గని రైల్వేను, 8 మైళ్ల పొడవున, జంతువుల అవసరమే లేకుండా కట్టారు.

ఈ పదేళ్లలో ఆయన తెలుసుకున్న ముఖ్యమైన విషయం, ట్రెవితిక్‌ను ఓడించినదేదో అదే. పట్టా. అప్పటి పట్టాలు పోత ఇనుముతో చేసినవి. ఒక్కోటి మూడు నాలుగు అడుగుల పొడవే ఉండేది. పోత ఇనుము గట్టిది కానీ పెళుసు. అంటే దెబ్బ పడితే వంగదు, విరుగుతుంది. ముక్కలు చిన్నవి కాబట్టి అతుకులు ఎక్కువ. ప్రతి అతుకు దగ్గరా చక్రం సుత్తిలా కొట్టేది.

1816లో విలియం లాష్ అనే ఇనుప వ్యాపారితో కలిసి అతుకుల్ని మెరుగుపరిచే పద్ధతికి స్టీఫెన్సన్ పేటెంట్ తీసుకున్నారు. అది అమ్ముడైన ప్రతిసారీ ఆయనకు వాటా వస్తుంది. అంతలో 1820లో బెడ్లింగ్టన్‌లో జాన్ బర్కిన్‌షా 15 అడుగుల పొడవైన పట్టాలను సాగే ఇనుముతో, రోలర్ల మధ్య నొక్కి తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. అవి విరగవు, అతుకులు తక్కువ, కానీ ధర ఎక్కువ.

ఇప్పుడు స్టాక్టన్ నుంచి డార్లింగ్టన్ వరకు రైల్వే వేయాలనుకున్న కంపెనీ ఏ పట్టాలు కొనాలని ఆయననే అడిగింది. స్టీఫెన్సన్ తన సొంత పేటెంట్‌ను పక్కనబెట్టి బర్కిన్‌షా పట్టాలే మేలని సలహా ఇచ్చారు. వందల పౌండ్ల రాబడి వదులుకున్నారు. లాష్‌తో స్నేహం కూడా తెగిపోయింది. సలహాదారే అమ్మకందారు కూడా అయిన చోట ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఈ నిర్ణయమే. ఇంజిన్ల పోటీ కథలు చెప్పుకునేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

ఆవిరి ఇంజిన్లు వాడిన తొలి ప్రజా రైల్వేలో ఏం జరిగింది?

స్టాక్టన్-డార్లింగ్టన్ రైల్వే వెనక ఉన్న ముఖ్యుడు ఎడ్వర్డ్ పీస్ అనే ఉన్ని వ్యాపారి. మొదట ఆయన అనుకున్నది గుర్రాలు లాగే బండి బాట. స్టీఫెన్సన్ ఆయన్ను ఆవిరి ఇంజిన్ వైపు తిప్పారు. 1823లో తండ్రీకొడుకులు, పీస్ కలిసి న్యూకాసిల్‌లో ఇంజిన్ల కర్మాగారం పెట్టారు. దానికి 19 ఏళ్ల కొడుకు పేరే పెట్టారు.

1825 సెప్టెంబర్ 27న లోకోమోషన్ అనే ఇంజిన్‌ను స్టీఫెన్సన్ స్వయంగా నడిపారు. బొగ్గు, పిండి బస్తాలతో నిండిన బండ్ల మీద, వాటి మధ్య సుమారు 600 మంది జనం ఎక్కారు. ఆ రోజు పండగే.

మర్నాటి నుంచి అసలు కష్టం మొదలైంది. ఈ రైల్వే ఆలోచన రోడ్డు ఆలోచనే. సుంకం కట్టి ఎవరైనా సొంత గుర్రం, సొంత బండి తెచ్చుకుని పట్టాల మీద నడుపుకోవచ్చు. లైన్ మాత్రం ఒక్కటే. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకరు పక్క లైను దాకా వెనక్కి వెళ్లాలి. ఎవరు వెళ్లాలన్న దానిపై రోజూ గొడవలే. ఆవిరి ఇంజిన్లు బొగ్గు లాగుతుంటే ప్రయాణికుల బండ్లను చాలా ఏళ్ల పాటు గుర్రాలే లాగాయి. 1833లో కంపెనీ మొత్తం రవాణాను తన చేతుల్లోకి తీసుకున్నాకే అది ఒక దారికి వచ్చింది.

ఇంజిన్లు తరచూ పాడయ్యేవి. ఆవిరి చాలేది కాదు. తిరిగి గుర్రాలకే వెళ్దామన్న ఆలోచన కంపెనీలో వచ్చింది. నిర్వహణ చూసే టిమతీ హ్యాక్‌వర్త్ 1827లో రాయల్ జార్జ్ అనే బలమైన ఇంజిన్ కట్టి ఆ ప్రమాదం తప్పించారు. 1828లో అదే లోకోమోషన్ బాయిలర్ పేలి డ్రైవర్ చనిపోయారు. ప్రారంభోత్సవాల బొమ్మల్లో ఈ మరణం కనిపించదు.

పార్లమెంటులో ఎందుకు ఓడిపోయారు?

లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి మాంచెస్టర్ మిల్లులకు కాలువల మీద వెళ్లేది. ఓడ అమెరికా నుంచి వచ్చే సమయం కంటే లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ చేరే సమయమే ఎక్కువవుతోందని వ్యాపారులు మొత్తుకునేవారు. కాలువ యజమానులు అడిగినంత ఇవ్వాల్సిందే. అందుకే 31 మైళ్ల రైల్వే కావాలనుకున్నారు. సర్వే చేసే పని స్టీఫెన్సన్‌కు ఇచ్చారు.

రైలు వస్తే కాలువల ఆదాయం పోతుంది. పెద్ద జమీందారుల వేట భూములు చీలిపోతాయి. లార్డ్ డెర్బీ, లార్డ్ సెఫ్టన్ మనుషులు సర్వేయర్లను పొలాల్లోకి అడుగు పెట్టనివ్వలేదు. కొన్ని చోట్ల రాత్రిపూట, దొంగచాటుగా కొలతలు తీయాల్సి వచ్చింది.

కాలువలా, రైళ్లా అన్న వాదన అక్కడితో అయిపోలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరిపై ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ కూడా భారతదేశానికి రైళ్ల కంటే పడవలు తిరిగే కాలువలే చవక, మేలు అని తర్వాతి దశాబ్దాల్లో గట్టిగా వాదించారు. కాబట్టి కాలువల పక్షాన ఉన్నవాళ్లందరూ స్వార్థపరులని కొట్టిపారేయలేం.

1825 ఏప్రిల్‌లో పార్లమెంటు కమిటీ ముందు స్టీఫెన్సన్ సాక్ష్యం చెప్పారు. ప్రత్యర్థుల లాయర్ ఎడ్వర్డ్ ఆల్డర్‌సన్ ఆయన యాసను పట్టించుకోలేదు, లెక్కల్ని పట్టుకున్నారు. ఇర్వెల్ నది వెడల్పు ఎంత? వంతెన ఎత్తు ఎంత? వరద వస్తే నీరు ఎక్కడిదాకా లేస్తుంది? స్టీఫెన్సన్ దగ్గర సరైన జవాబుల్లేవు. నేల ఎత్తుపల్లాల కొలతలు తప్పని తేలింది. ప్రతిపాదించిన వంతెన వరద మట్టానికి కిందికి వస్తోంది. కొలతల పని అనుభవం లేని సహాయకులకు అప్పగించి, తాను మళ్లీ సరిచూసుకోలేదు. లెక్కల్లో దిట్ట అయిన రాబర్ట్ అప్పటికే దక్షిణ అమెరికా గనుల్లో పనికి వెళ్లిపోయాడు. బిల్లు వీగిపోయింది.

ఆయన జీవితచరిత్రను 1857లో రాసిన శామ్యూల్ స్మైల్స్ దగ్గర నుంచి చాలామంది దీన్ని పేదవాడి ప్రతిభను గుర్తించలేని పెద్దల అహంకారంగా చెబుతూ వచ్చారు. అహంకారం ఉంది, కాదనలేం. కానీ వరద వస్తే వంతెన మునుగుతుందా లేదా అన్నది న్యాయమైన ప్రశ్న. ప్రజలు ఎక్కబోయే దానికి లెక్కలు చూపించమని అడగడం తప్పెలా అవుతుంది?

కంపెనీ ఆయన్ను పక్కనబెట్టి రెన్నీ సోదరులను పిలిచింది. వాళ్ల తరఫున చార్లెస్ విగ్నోల్స్ కొత్తగా సర్వే చేశారు. జమీందారుల భూములను వీలైనంత తప్పించారు. కాలువ వాటాదారుల్లో ముఖ్యులను రైల్వేలో వాటాదారులుగా చేర్చుకున్నారు. 1826 మేలో బిల్లు పాసైంది. తర్వాత రెన్నీలు పెట్టిన షరతులు కంపెనీకి నచ్చలేదు. కట్టే బాధ్యత తిరిగి స్టీఫెన్సన్‌కే వచ్చింది.

బురద మీద రైలు ఎలా నిలబడింది?

దారిలో చాట్ మాస్ అనే చిత్తడి నేల ఉంది. దాదాపు 5 మైళ్లు దాటాలి. మనిషి కాలు పెడితే దిగిపోతుంది. కొన్ని చోట్ల లోతు 30 అడుగులకు పైనే. ఇక్కడ రైలు వేయడం పిచ్చితనమని కమిటీ ముందు నిపుణులు చెప్పారు.

నెలల తరబడి మట్టి పోశారు. పోసింది పోసినట్టే మింగేసింది. డైరెక్టర్లు కంగారుపడ్డారు. చివరికి గట్టి నేల దొరికేదాకా తవ్వే ఆలోచన మానేసి, తేలే బాట కట్టారు. కొమ్మలు, పొదలతో అల్లిన తడికెలు పరిచి, వాటిపై మట్టి, రాళ్లు, ఆ పైన పట్టాలు. నీరు పోయేందుకు అడుగు తీసేసిన పీపాలను వరుసగా పెట్టి కాలువలు చేశారు. పల్లెల్లో బురద దారి మీద కంప వేసి బండి దాటించే పద్ధతే ఇది, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. ఖర్చు సుమారు 28 వేల పౌండ్లు. ఈ రోజుకీ ఆ దారి మీదే రైళ్లు వెళ్తున్నాయి.

ఇది కాకుండా రాతిని చీల్చి ఆలివ్ మౌంట్ కోత, సాంకీ లోయపై 9 కమానుల వంతెన, లివర్‌పూల్ కింద సొరంగం. వేలమంది కూలీలు చేత్తో చేసిన పని ఇదంతా. వాళ్లలో చనిపోయినవారి పేర్లు స్టీఫెన్సన్ విగ్రహాల కింద ఉండవు.

అసలు ఇంజిన్ అవసరమా అన్న ప్రశ్న ఎందుకు వచ్చింది?

లైన్ సగం పూర్తయ్యాక కూడా రైలును ఏది లాగాలో తేలలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1829లో ఇద్దరు పేరున్న ఇంజినీర్లు అన్ని గనులూ తిరిగి చూసి, దారి పొడవునా స్థిరంగా ఇంజిన్లు పెట్టి తాళ్లతో బండ్లను లాగడమే చవక అని నివేదిక ఇచ్చారు. అప్పటి ఇంజిన్ల తీరు చూస్తే అదేమీ తెలివితక్కువ సలహా కాదు.

డైరెక్టర్లు ఎవరి మాటా నమ్మకుండా పోటీ పెట్టారు. బహుమతి 500 పౌండ్లు. ఇంజిన్ బరువు 6 టన్నులు దాటకూడదు. తన బరువుకు మూడు రెట్లు లాగాలి. గంటకు 10 మైళ్లు నడవాలి. పొగ రాకూడదు. ధర 550 పౌండ్లు మించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రెయిన్‌హిల్ దగ్గరున్న చిన్న ట్రాక్ మీద ఒక పరుగు తీస్తే సరిపోదు. లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ వెళ్లి వచ్చినంత దూరం, అటూ ఇటూ తిరుగుతూ పూర్తి చేయాలి. ప్రభుత్వ టెండర్లలో ఇప్పుడు పెట్టే పనితీరు పరీక్షలకు ఇది తాతలాంటిది.

1829 అక్టోబర్‌లో వేలమంది చూస్తుండగా పోటీ జరిగింది. జనానికి నచ్చింది తేలిగ్గా, వేగంగా పరుగెత్తిన నావెల్టీ. కానీ దాని గొట్టాలు పగిలాయి. హ్యాక్‌వర్త్ కట్టిన సాన్ పరేల్ బరువు పరిమితి దాటింది, పైగా సిలిండర్ పాడైంది. స్టీఫెన్సన్ల రాకెట్ ఒక్కటే చివరిదాకా నడిచింది. దాని బలం బాయిలర్‌లో నిప్పు వేడిని నీటికి చేర్చే 25 రాగి గొట్టాలు. ఆ ఆలోచన కంపెనీ కార్యదర్శి హెన్రీ బూత్‌ది. కట్టింది ఎక్కువగా తిరిగొచ్చిన రాబర్ట్. పేరు మాత్రం లోకంలో జార్జ్‌కే మిగిలింది.

ప్రారంభం రోజే మరణం ఎలా జరిగింది?

1830 సెప్టెంబర్ 15. ప్రధాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ వచ్చారు. 8 రైళ్లు సిద్ధం చేశారు. ప్రధాని రైలును నార్తంబ్రియన్ ఇంజిన్‌తో స్టీఫెన్సన్ నడుపుతున్నారు. మిగతా 7 పక్క లైన్ మీద. పార్క్‌సైడ్ దగ్గర నీళ్ల కోసం ఆగారు. ఎవరూ కిందికి దిగొద్దని ముందే చెప్పారు. అయినా పెద్దమనుషులు దిగి పట్టాల మీద నిలబడి కబుర్లలో పడ్డారు. గుర్రపు బండి ఆగితే దిగి కాళ్లు చాపుకోవడం వాళ్లకు అలవాటు.

లివర్‌పూల్ ఎంపీ విలియం హస్కిసన్ ప్రధానిని పలకరించడానికి వెళ్లారు. అప్పుడే పక్క లైన్‌పై రాకెట్ వచ్చింది. దానికి బ్రేకు లేదు. గేర్‌ను వెనక్కి తిప్పి ఆపాల్సిందే. రెండు లైన్ల మధ్య ఎడం చాలా తక్కువ. అందరూ తప్పుకున్నారు. హస్కిసన్ తడబడి బోగీ తలుపు పట్టుకుని వేలాడారు, తలుపు బయటికి తెరుచుకుంది, ఆయన రాకెట్ ముందు పడ్డారు. కాలు నుజ్జయింది. స్టీఫెన్సన్ నార్తంబ్రియన్‌కు ఒక్క బోగీ తగిలించి, అంతవరకు మనిషి ఎరగని వేగంతో ఆయన్ను ఎకిల్స్ చేర్చారు. ఆ రాత్రే హస్కిసన్ చనిపోయారు.

ఇక్కడ తప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఒక్క పేరు చెప్పలేం. బ్రేకు లేని ఇంజిన్, ఇరుకైన ఎడం, బయటికి తెరుచుకునే తలుపు, వేగాన్ని అంచనా వేయలేని జనం. విడివిడిగా ఇవన్నీ ముందే అందరికీ కనిపించినవే.

అయినా జనం రైలు మానలేదు. గుర్రపు బండిలో నాలుగు గంటలకు పైగా పట్టే దూరం రెండు గంటల లోపే అయిపోతోంది. సరుకు కోసం కట్టిన లైన్‌కు ప్రయాణికులే ప్రధాన ఆదాయమయ్యారు. 1831లో 4 లక్షలకు పైగా జనం ఎక్కారు. ఇది డైరెక్టర్లు ఊహించనిది. లైన్ పొడవునా జెండాలు పట్టుకున్న రైల్వే పోలీసులను నిలబెట్టారు. ఒక రైలు వెళ్లాక ఇంతసేపు ఆగాకే మరొకటి అనే నియమం వచ్చింది.

ప్రభుత్వ తనిఖీ మాత్రం మరో పదేళ్లు పట్టింది. 1840లో బ్రిటన్ రైల్వే ఇన్‌స్పెక్టర్లను నియమించింది. భద్రంగా లేదనిపిస్తే కొత్త లైన్ ప్రారంభాన్ని వాయిదా వేయించే అధికారం 1842 చట్టంతో వచ్చింది. ఇప్పుడు మన దగ్గర కొత్త లైన్‌పై ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే రైల్వే భద్రతా కమిషనర్ పరిశీలించి అనుమతి ఇవ్వాలి. మెట్రోకు అదే పని మెట్రో రైల్ భద్రతా కమిషనర్ చేస్తారు. రైళ్లు నడిపేవారే తమకు తాము సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదని ఈ వ్యవస్థను రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంచారు. బ్రేకు ఎంత దూరంలో ఆపుతుంది, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, ప్లాట్‌ఫామ్‌కూ బోగీకీ మధ్య ఖాళీ ఎంత, కరెంటు పోతే జనం ఎలా దిగుతారు, ఇవన్నీ ఖాళీ రైలుతోనే చూసుకోవాలి. ట్రయల్ రన్ తర్వాత ఆలస్యం అంటే చాలాసార్లు ఇదే.

హైదరాబాద్ మెట్రో పట్టాల కొలత ఎక్కడి నుంచి వచ్చింది?

కిల్లింగ్‌వర్త్ గనిలో బొగ్గు బండ్ల చక్రాల మధ్య దూరం 4 అడుగుల 8 అంగుళాలు. స్టీఫెన్సన్ తన ఇంజిన్లన్నీ ఆ కొలతకే కట్టారు. చక్రాలు ఒరుసుకోకుండా తర్వాత అర అంగుళం కలిపారు. దాని వెనక గొప్ప సిద్ధాంతమేమీ లేదు, ఉన్నదాన్ని వాడుకున్నారంతే. కానీ వేర్వేరు ఊళ్లలో వేస్తున్న లైన్లు ఏదో ఒక రోజు కలుస్తాయని, కొలత ఒక్కటే ఉండాలని ముందు నుంచీ పట్టుబట్టారు.

ఇసాంబార్డ్ బ్రునెల్ ఒప్పుకోలేదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వేను 7 అడుగుల వెడల్పుతో వేశారు. వేగంలో, కుదుపు లేకపోవడంలో అదే మెరుగని చాలామంది ఇంజినీర్లు అంటారు. కానీ రెండు కొలతలు కలిసిన గ్లాస్టర్ స్టేషన్‌లో సరుకంతా దించి వేరే బండ్లలోకి ఎక్కించాల్సి వచ్చేది. అప్పటికే స్టీఫెన్సన్ కొలత లైన్లు చాలా ఎక్కువ. 1846లో పార్లమెంటు చట్టం చేసి దాన్నే ఖాయం చేసింది.

భారతదేశంలో బ్రిటిష్ పాలకులు 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్ గేజ్ ఎంచుకున్నారు. 1853లో బొంబాయి నుంచి ఠాణేకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది దాని మీదే. ఆ లైన్ చీఫ్ ఇంజినీర్ జేమ్స్ బర్క్లీ, రాబర్ట్ స్టీఫెన్సన్ దగ్గర పని నేర్చుకున్నవారు. తర్వాత ఖర్చు తగ్గించేందుకు మీటర్ గేజ్ కూడా తెచ్చారు. ఆ రెండింటి మధ్య రైలు మారే తిప్పలు గుంటూరు-గుంతకల్లు లైన్ పాత ప్రయాణికులు ఇప్పటికీ చెబుతారు.

2017 నవంబర్‌లో మియాపూర్-నాగోల్ మధ్య మొదలైన హైదరాబాద్ మెట్రో మాత్రం స్టాండర్డ్ గేజ్, 1,435 మిల్లీమీటర్లు. అంటే 4 అడుగుల 8న్నర అంగుళాలు. కిల్లింగ్‌వర్త్ గని బొగ్గు బండి కొలతే.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1838 నుంచి చెస్టర్‌ఫీల్డ్ దగ్గర టాప్టన్ హౌస్‌లో ఉన్నారు. సొరంగం తవ్వుతుంటే బయటపడిన బొగ్గుతో క్లే క్రాస్ దగ్గర గనులు పెట్టారు. 1840ల్లో రైల్వే షేర్ల కోసం దేశమంతా వెర్రెత్తిపోతే, లెక్కలు సరిగా లేని లైన్లకు పేరు ఇవ్వమన్నవారిని వెనక్కి పంపారు. పార్లమెంటు కమిటీలో పడిన దెబ్బ గుర్తుండే ఉంటుంది. 1847లో బర్మింగ్‌హామ్‌లో మెకానికల్ ఇంజినీర్ల సంస్థ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే.

మిగతా సమయమంతా తోటలోనే. దోసకాయలు వంకరగా పెరుగుతున్నాయని గాజు గొట్టాలు చేయించి, వాటిలో తిన్నగా పెంచారు.

1848 ఆగస్టు 12న, 67వ ఏట, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. చెస్టర్‌ఫీల్డ్ హోలీ ట్రినిటీ చర్చిలో, రెండో భార్య ఎలిజబెత్ పక్కన సమాధి చేశారు.